సోమలింగానికి ఏ ఫ్రేమ్‌వర్కు?

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు మన పెద్దలు. సాఫ్ట్‌వేర్ రాకముందు మాట కాబట్టి పేరు ఖాయం చేసి ఊరుకున్నారు. ఈ రోజుల్లో అయితే అంత తేలిగ్గా తెమలదు. ఎనిమిది పేర్లతో ఎక్సెల్ షీటు తయారవుతుంది. ఒక్కో పేరుకీ పదికి ఇన్నని మార్కులు వేస్తారు. ‘రేపు కోటి మంది ఒక్కసారే పిలిస్తే సోమలింగం పలుకుతాడా?’ అని ఒకరంటారు. ‘అమెరికాలో ఇప్పుడెవరూ ఆ పేరు పెట్టడం లేదు’ అని ఇంకొకరు. పెళ్లి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

వెబ్ అప్లికేషన్‌కి టెస్టింగ్ ఫ్రేమ్‌వర్కు ఎంచుకోవడం అనే ఈ బారసాలని కొత్తపేటలో, చెప్పుల షాపు పైన మూడో అంతస్తులో, నేను కళ్లారా చూశాను.

మా మేనల్లుడూ అతని దోస్తులు ఐదుగురూ కలిసి హాస్టల్ మంచాలు బుక్ చేసుకునే వెబ్‌సైటు కట్టారు. ఆలోచనకి వంక పెట్టడానికి లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో లైనుకి అటూ ఇటూ ఏ సందులోకి తిరిగినా హాస్టలే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు తెల్లారకముందే ఎల్బీ నగర్ చౌరస్తాలో పిల్లల్ని దించుతాయి. గ్రూప్సనీ, బ్యాంకు పరీక్షలనీ, కంప్యూటర్ కోర్సులనీ వచ్చిన ఆ పిల్లలు భుజాన సంచీ, చేతిలో బకెట్టూ పట్టుకుని ‘మంచం ఉందా?’ అని ఒక్కో హాస్టల్ మెట్లూ ఎక్కి దిగుతారు. ఆ మెట్ల తిప్పలు తప్పించే సైటు అది.

‘అంతా అయిపోయింది మామా, టెస్టింగ్ ఒక్కటే మిగిలింది. నువ్వు ఒకప్పుడు టెస్టర్‌వి గదా, ఒకసారి వచ్చి చూడు’ అన్నాడు.

వెళ్లాను. టెస్టింగ్ మొదలై అప్పటికే మూడు నెలలైందిట. ఏమేం చూశారని అడిగితే తెర దించి నలభై రెండు స్లయిడ్లు చూపించారు. అందులో హాస్టల్ అన్న మాట ఒక్కసారే వచ్చింది. అదీ మొదటి స్లయిడ్ మీద, కంపెనీ పేరులో. మిగతాదంతా సెలీనియమా, సైప్రెస్సా, ప్లేరైటా అన్న వాదమే. గిట్‌హబ్‌లో దేనికి ఎన్ని నక్షత్రాలున్నాయో, దేన్ని ఎన్ని భాషల్లో రాయొచ్చో, ఏది ఎన్ని సెకన్లలో బ్రౌజర్ తెరుస్తుందో అన్నిటికీ రంగురంగుల పట్టికలు. గదిలో మూడు వర్గాలు. సెలీనియం వర్గం ఇన్‌షర్టు చేసుకుని కూర్చుంది. ప్లేరైట్ వర్గం చెవుల్లో తెల్ల బిళ్లలున్నాయి. సైప్రెస్ వర్గంలో ఒక్కడే మిగిలాడు. డిపాజిట్ గల్లంతైన అభ్యర్థిలా కిటికీలోంచి మెట్రో స్తంభాల వైపు చూస్తున్నాడు.

నాకు వాళ్ల మీద కోపం రాలేదు. ఈ జబ్బు ఎక్కడ అంటుకుంటుందో నాకు తెలుసు. నాకూ అక్కడే అంటుకుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను టెస్టింగ్ నేర్చుకున్నది క్యూటీపీ అనే టెస్టింగ్ పనిముట్టు రోజుల్లో. జెరాక్స్ షాపు మీద హాలు, వంద కుర్చీలు, పది కంప్యూటర్లు, ఒక మైకు. సారు రాగానే ఫ్రేమ్‌వర్కులు మూడు రకాలని బోర్డు మీద రాశారు: డేటా డ్రివెన్, కీవర్డ్ డ్రివెన్, హైబ్రిడ్. త్రిమూర్తుల్ని రాసుకున్నంత భక్తిగా రాసుకున్నాం. ప్రాక్టీసుకి మాకున్న అప్లికేషన్ ఒక్కటే. క్యూటీపీ డబ్బాతో పాటు మెర్క్యురీ కంపెనీ నమూనాకిచ్చిన విమాన టికెట్ల బుకింగ్. పేరు నాలుగక్షరాలకి తగ్గకూడదు, పాస్‌వర్డు మెర్క్యురీ. ఆ కాలంలో హైదరాబాదులో కోర్సు చేసినవాణ్ణి అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా ఆ పాస్‌వర్డు చెబుతాడు. డెన్వర్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి, లండన్ నుంచి పారిస్‌కి టికెట్లు కోసి కోసి మా వేళ్లు అరిగాయి. మాలో విమానం ఎక్కినవాడు ఒక్కడూ లేడు. నల్గొండ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునే బాపతు అందరం. అయినా కోర్సు ముగిసేసరికి ప్రతి రెజ్యూమేలోనూ ఎయిర్‌లైన్స్ డొమైన్ వచ్చి కూర్చుంది.

ఆ నలభై అయిదు రోజుల్లో, ఆ టికెట్ల బుకింగులో తప్పులేమైనా ఉన్నాయేమో వెతకండి అని మాకు ఎవరూ చెప్పలేదు. నొక్కినదాన్ని రికార్డు చెయ్యడం, మళ్లీ ఆడించడం, ఆడినంతసేపూ మౌస్ ముట్టుకోకుండా చేతులు కట్టుకుని చూడటం, అంతే విద్య. మౌస్ దానంతటది కదులుతుంటే వెనక వరుసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

తర్వాత కథ జగమెరిగిందే. మెర్క్యురీని హెచ్‌పీ 2006లో సుమారు 450 కోట్ల డాలర్లు పోసి కొంది. క్యూటీపీ పేరు మార్చుకుని యూఎఫ్‌టీ అయి, 2017లో మైక్రో ఫోకస్ ఇంటికీ, 2023లో ఓపెన్‌టెక్స్ట్ ఇంటికీ సామాను సర్దుకుంది. హెచ్‌పీ కొనకముందే సెలీనియం వచ్చింది. షికాగోలో థాట్‌వర్క్స్ ఉద్యోగి జేసన్ హగ్గిన్స్ 2004లో తమ ఆఫీసు టైమ్‌షీట్లూ ఖర్చుల లెక్కలూ చూసే సైటుని పరీక్షించుకోవడానికి రాసుకున్నది అది. పేరులోనే ఎకసెక్కం ఉంది. మెర్క్యురీ అంటే పాదరసం కదా, పాదరసం విషానికి సెలీనియం విరుగుడుట. విరుగుడుకి లైసెన్సు రుసుము లేదు. దాంతో మన సందుల్లో బోర్డులు రాత్రికి రాత్రి మారిపోయాయి. కుర్చీలు అవే, మైకు అదే, మూడు రకాల ఫ్రేమ్‌వర్కులూ అవే.

ఆ బోర్డుల కింద పెరిగిన ప్రశ్న ఒకటుంది. ‘మీ ఫ్రేమ్‌వర్కు గురించి చెప్పండి.’ టెస్టర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లి ఈ ప్రశ్న తగలకుండా బయటపడ్డవాణ్ణి నేను చూడలేదు. దీనికి ఎవరూ జవాబు చెప్పరు, ప్రవర చెప్పుకుంటారు. గోత్రం హైబ్రిడ్. సూత్రం పేజ్ ఆబ్జెక్ట్ మోడల్. శాఖ టెస్ట్‌ఎన్‌జీ. మావెన్, జెన్‌కిన్స్, ఎక్స్‌టెంట్ రిపోర్ట్స్ ముగ్గురూ ఋషులు. చెవులు పట్టుకుని వంగడం ఒక్కటే తక్కువ. వింటున్నవాడిదీ అదే గోత్రం కాబట్టి తృప్తిగా తల ఊపుతాడు. ‘ఇంతకీ ఆ ఫ్రేమ్‌వర్కుతో మీరు పట్టుకున్న తప్పేమిటండీ?’ అని అడిగితే ఎదుటివాడి నోట మాట రాదు. పాపం అనేమో, ఎవరూ అడగరు. నేను ఆ బల్లకి ఇవతలా కూర్చున్నాను, అవతలా కూర్చున్నాను. అవతల కూర్చున్నప్పుడు కూడా అడగలేదు.

మాన్యువల్ టెస్టింగ్ అన్న మాటకి మన దగ్గర కూలిపని అన్న అర్థం స్థిరపడిపోయింది. సైటుని కళ్లతో చూసి, చేత్తో నొక్కి, బుర్రతో అనుమానించేవాడు తక్కువ జీతగాడు. వాడి అనుమానాన్ని స్క్రిప్టుగా రాసేవాడు ఎక్కువ జీతగాడు. అసలు అనుమానమే లేకుండా స్క్రిప్టు రాసేవాడు ఆర్కిటెక్టు.

సరే, కొత్తపేటకొద్దాం. వచ్చేముందు ఒక్క మాట. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు జూరిక్ నుంచి అట్లాంటాకి వెళ్తూ విమానంలో పక్కపక్కన కూర్చుని జేయూనిట్ అనే టెస్టింగ్ ఫ్రేమ్‌వర్కు రాశారు. (చూశారా, విమానం ఎక్కినవాళ్లు టెస్టింగ్‌లో కూడా ఉన్నారు.) ఫ్రేమ్‌వర్కు పుట్టడానికి ఒక ప్రయాణం పట్టింది. ఎవరో పుట్టించి పెట్టిన మూడింటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకోవడానికి మావాళ్లకి మూడు నెలలు చాలలేదు.

పోనీ ఆ మూడింటికీ తేడాల్లేవా అంటే, ఉన్నాయి. సెలీనియం బయట నిలబడి వెబ్‌డ్రైవర్ అనే మధ్యవర్తి చేత బ్రౌజర్‌కి కబురు పంపుతుంది. ఆ కబురు పద్ధతి 2018లో డబ్ల్యూత్రీసీ ప్రమాణమైంది గనక క్రోమైనా ఫైర్‌ఫాక్సైనా మాట వింటాయి. పేజీ పూర్తిగా తెరుచుకోకముందే బటన్ మీదికి ఉరికి బోర్లా పడటం దాని జాతకంలో ఉంది. అందుకు మనవాళ్ల నాటు వైద్యం థ్రెడ్ డాట్ స్లీప్, బ్రాకెట్లో అయిదువేలు. అయిదు సెకన్లు పడుకో నాయనా అని. ఇలా ప్రతి మెట్టుకీ ఒక నిద్రమాత్ర మింగించిన స్క్రిప్టులు నేను చూశాను. రాత్రి వదిలితే తెల్లారి లేచేవి. సైప్రెస్ బ్రౌజర్ లోపలే కాపురం పెడుతుంది, కాబట్టి చురుకు. రెండో ట్యాబులోకి మాత్రం అడుగు పెట్టదు. 2020లో మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చిన ప్లేరైట్ వెనక ఉన్నది అంతకు ముందు గూగుల్‌లో పప్పెటీర్ రాసినవాళ్లు. బటన్ నొక్కడానికి వీలయ్యేదాకా అది తనంతట తానే ఆగుతుంది, ట్యాబులెన్నయినా తిరుగుతుంది. ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనైతే ప్లేరైట్ అంటాను. ఇంట్లో నలుగురికీ జావా, సెలీనియం వచ్చి ఉంటే సెలీనియమే ఉంచుకోమంటాను. దీనికి పట్టే సమయం ఒక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ నంచుకుంటే ఇంకో అయిదు నిమిషాలు.

‘అట్ల గాదు మామా, పదేళ్లు నిలబడేది కావాలె’ అన్నాడు మావాడు. టెస్టింగ్‌కి వాడిన ఫాంటమ్‌జేఎస్ 2018లో ఆగిపోయింది. యాంగ్యులర్ వాళ్లు సొంత బిడ్డలా పెంచిన ప్రొట్రాక్టర్‌ని 2023లో వాళ్లే సాగనంపారు. ఈ పరిశ్రమలో పదేళ్లు నిలిచేది హాస్టల్ సాంబారు ఒక్కటే. పైగా ఆఫీసు అద్దె రెండు నెలలు బాకీ ఉందని కింద చెప్పుల షాపాయన నాకు మెట్ల దగ్గరే చెప్పాడు. ఆయనే ఇంటి ఓనరు.

మంచి ఫ్రేమ్‌వర్కు దొరికితే టెస్టులు తడబడవన్నది ఇంకో మూఢనమ్మకం. పొద్దున పాస్, సాయంత్రం ఫెయిల్, మధ్యలో కోడ్ మీద ఎవరూ చెయ్యి వేసి ఉండరు. గూగుల్ 2016లో తన గుట్టు తానే బయటపెట్టుకుంది: వాళ్ల టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ తడబాటు ఉందని. ఈ అంకె చెప్పగానే సెలీనియం వర్గం, ప్లేరైట్ వర్గం ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకున్నారు.

వీళ్లతో లాభం లేదని నా పాత అస్త్రం తీశాను. గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ 1979లో టెస్టింగ్ మీద ఒక పుస్తకం రాశాడు. మొదట్లోనే ఒక చిన్న లెక్క ఇస్తాడు. ప్రోగ్రాముకి మూడు అంకెలిస్తారు, అవి త్రిభుజం భుజాలు. సమబాహువో, సమద్విబాహువో, విషమబాహువో అది చెప్పాలి. దీన్ని పరీక్షించడానికి ఏయే అంకెలిచ్చి చూస్తారో కాగితం మీద రాయండి అంటాడు. రాశాక 14 ప్రశ్నలు వేసుకుని మనకి మనమే మార్కులు వేసుకోవాలి. ఆరితేరిన ప్రోగ్రామర్లకి కూడా సగటున వచ్చేది 7.8 అని చెప్పి నెత్తిన మొట్టికాయ వేస్తాడు. ఆరుగురికీ తలా ఒక కాగితం ఇచ్చాను.

‘ఏ ఫ్రేమ్‌వర్కులో రాయాలె మామా?’

‘బాల్‌పెన్నుతో’ అన్నాను.

పావుగంట పట్టింది. సున్నా ఇస్తే ఏమవుతుందని ఇద్దరికి తట్టింది. ఒకటి, రెండు, మూడు ఇస్తే అది త్రిభుజం కాదు, గీతలా పడుకుంటుందని ఒక్కడే రాశాడు. కిటికీ దగ్గర కూర్చున్న సైప్రెస్ పిల్లవాడు.

సాయంత్రం కింద బండి దగ్గర మిర్చి బజ్జీలు తింటూ మావాడు అసలు సంగతి కక్కాడు. ‘నిజం చెప్పాల్నంటే మామా, ఈ సైటు నడుస్తదో లేదో ఎవరికీ నమ్మకం లేదు. రేపు వేరే కంపెనీకి పోతే రెజ్యూమేల ఏది ఉంటే పిలుస్తరు అన్నదే అందరి టెన్షన్.’ ప్లేరైట్ పక్షానికి నాయకుడైన అబ్బాయి రోజూ సాయంత్రం ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి ప్లేరైట్ కోర్సుకి వెళ్తున్నాడట. పదిహేడో స్టేషను. 2018 సెప్టెంబరులో ఆ లైను తెరిచిన దగ్గర్నుంచి, దిల్‌సుఖ్‌నగర్ విద్య చాలనివాళ్లకి అమీర్‌పేట పక్కవీధి అయిపోయింది. ఫ్రేమ్‌వర్కులకి మార్కులు వేసుకున్న వాళ్ల ఎక్సెల్ షీటులో పద్నాలుగు కాలమ్‌లున్నాయి. రెజ్యూమే అన్న కాలమ్ ఒక్కటే లేదు. ఇరవై ఆరేళ్ల పిల్లాడు ఉద్యోగం గురించి భయపడటంలో నాకు తప్పు కనిపించదు. ఆ భయానికి నలభై రెండు స్లయిడ్ల ముసుగెందుకన్నదే నా బాధ.

మర్నాడు నా బలవంతం మీద ఒక హాస్టల్ అక్కని పిలిపించారు. చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్ ఆమెది, సైటులో చేరిన మొదటి ఖాతా కూడా ఆమెదే. అక్క వచ్చి, చెప్పులు బయట విడిచి, కళ్లజోడు పెట్టుకుని, తన ఫోన్‌లోనే సైటు తెరిచింది. కిందటి వారం చేరిన పిల్ల వివరాలు ఎక్కించబోయింది. ఆ పిల్లకి ఇంటిపేరు రాసే అలవాటు లేదు, సైటు మాత్రం ఇంటిపేరు లేనిదే ముందుకి కదలనంది. అక్క ఆ గడిలో ‘లేదు’ అని కొట్టింది. ‘స్వాగతం, లేదు గారూ!’ అంది సైటు. పేరు తెలుగులో కొట్టి చూస్తే వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. చేరిన తేదీ కిందటి సోమవారం వేస్తే కుదరదంది, సైటు దృష్టిలో మనుషులు రేపటి నుంచే చేరతారు. అడ్వాన్సు కట్టే దగ్గర చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ‘గిది తిరుగుడే గని పోతలేదు’ అని అక్క మళ్లీ నొక్కింది. డబ్బు రెండుసార్లు కోసుకుపోయింది. మూడోసారి ఓటీపీ వచ్చే వేళకి కూరగాయలాయన ఫోన్ చేశాడు. అక్క నాలుగు నిమిషాలు వంకాయల ధర మాట్లాడి వచ్చేసరికి ఓటీపీ గడువు తీరింది, ఆ మంచం ఎవరికీ దక్కకుండా మధ్యలో వేలాడుతోంది.

పది నిమిషాలు పట్టిందంతే. గదిలో ఎవరూ ఊపిరి తియ్యలేదు. చివరికి మావాడు, ‘యూజర్లు అట్ల చెయ్యరక్కా’ అన్నాడు.

‘నేను జేస్తిని గద బిడ్డా’ అంది అక్క.

ఇక చాలు, ఇప్పటికైనా ఈ అయిదింటినీ సరిచేసుకుంటారనుకున్నాను. ‘రెండుసార్లు నొక్కడం ప్లేరైట్‌లో ఒక్క లైను’ అన్నాడు ఒకడు. ‘సెలీనియంలో యాక్షన్స్ క్లాసు ఎందుకుంది మరి?’ అన్నాడు ఇంకొకడు. అక్క పట్టిన తప్పులు రెండు పక్షాలకీ కొత్త తూటాలయ్యాయి.

అప్పుడు సెలీనియం పక్షం నుంచి కుకుంబర్ బయటికొచ్చింది. దోసకాయే. అస్లాక్ హెలెసోయ్ 2008లో మొదలుపెట్టిన పనిముట్టు. కోడ్ రాని వ్యాపారస్తులు కూడా టెస్టుని మామూలు మాటల్లో చదువుకోవచ్చన్నది దాని ప్రతిజ్ఞ. అందులో తెలుగు కూడా ఉంది. వేళాకోళం కాదు, ఫీచర్ అనాల్సిన చోట ‘గుణము’ అనీ, గివెన్ అనాల్సిన చోట ‘చెప్పబడినది’ అనీ నిజంగానే రాయొచ్చు. అక్క కోసమని అప్పటికప్పుడు తెలుగులో కొట్టి తెర మీద చూపించారు.

గుణము: మంచం బుకింగ్
సన్నివేశం: ఆఖరి మంచం
చెప్పబడినది హాస్టల్‌లో ఒక మంచం ఖాళీగా ఉంది
ఈ పరిస్థితిలో విద్యార్థిని అడ్వాన్సు చెల్లిస్తుంది
అప్పుడు మంచం ఆమె పేరు మీద ఉండాలి

అక్క కళ్లజోడు సవరించుకుని కూడబలుక్కుని చదివింది. ‘ఎవరి గుణం బిడ్డా? మా హాస్టల్ల పిల్లలంత మంచి గుణమున్నోళ్లే’ అంది. కిందికి దిగి, ‘చెప్పబడినది... ఎవరు చెప్పిండ్రు?’ అంది. ఆ ప్రశ్నకి మా దగ్గర సమాధానం లేదు. తెలుగు అనువాదాల్లో ఇన్నేళ్లుగా ఎవరో ఏదో చెప్పబడుతూనే ఉన్నారు, ఎవరన్నది తేలలేదు.

మొత్తం చదివాక కళ్లజోడు తీసి అడిగింది. ‘అంత మంచిగనే ఉంది. ఒక్క మంచానికి ఇద్దరు ఒకటేసారి పైసలు కడితే?’

తెర మీద అయిదు వరసలున్నాయి. దోసకాయ తెలుగులో ‘కాని’ అన్న మాట కూడా ఉంది. ఆ గదిలో ఎవరికీ దాని అవసరం పడలేదు.

రెండు వారాలు పోయాక మావాడు ఫోన్ చేశాడు. ఫ్రేమ్‌వర్కు తేలిపోయిందట. ప్లేరైట్‌కి మూడు ఓట్లు, సెలీనియంకి రెండు. సైప్రెస్ పిల్లవాడు ఓటు వెయ్యలేదు. మొదటి టెస్టు కూడా రాశారు: లాగిన్ పేజీ తెరుచుకుంటోందా లేదా. తెరుచుకుంటోంది. పచ్చ టిక్కు పడ్డ తెర ముందు ఆరుగురూ కేకు కోస్తున్న ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. ఆ రాత్రే సైటు జనానికి తెరిచారు.

సోమవారం తెల్లవారుజామున ఖమ్మం బస్సు దిగి ఒక పిల్ల, నల్గొండ బస్సు దిగి ఒక పిల్ల ఎల్బీ నగర్ నుంచి వేరువేరు ఆటోల్లో చైతన్యపురికి వచ్చారు. ఇద్దరి ఫోన్లలోనూ అదే హాస్టల్, అదే రెండో అంతస్తు, అదే కిటికీ పక్క మంచం, పక్కనే పచ్చ టిక్కు. అక్క మావాడికి ఫోన్ చేసింది. వాడు నన్నూ, సెలీనియం కుర్రాణ్ణీ లైనులోకి లాగాడు.

‘ఒక్క గంట టైమియ్యి అక్కా, ప్లేరైట్‌ల రెండు బ్రౌజర్లు ఒకటేసారి తెరిచి ఈ కేసు రాస్తం’ అన్నాడు మావాడు.

‘గ్రిడ్ పెట్టుకుంటే సెలీనియంలో కూడా...’ అని అవతలివాడు అందుకోబోయాడు.

వెనకాల బకెట్లు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

‘ఏ దాంట్లనన్న రాయి బిడ్డా’ అంది అక్క. ‘ముందుగాల ఇంకో మంచం పంపు.’